పెళ్లి ఫొటోలకు నలుపు-తెలుపు రీలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర ఒక పల్లె. చాలాకాలంగా డిజిటల్ కెమెరాతో పెళ్లిళ్లు తీస్తున్నాను. మాఘమాసంలో జరిగే ఒక పెళ్లికి పెళ్లికూతురు తరఫువారు కొన్ని ఫొటోలు అచ్చంగా నలుపు-తెలుపు ఫిల్ము మీదే కావాలని అడిగారు. ముహూర్తం రాత్రి ఒంటిగంట దాటాక ఉంది. నాన్నగారు వాడిన నికాన్ ఎఫ్‌ఎం2 కెమెరా, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు బాగానే పనిచేస్తున్నాయి. ట్రై-ఎక్స్, హెచ్‌పి5, టీ-మ్యాక్స్, డెల్టా 3200 అని నాలుగు పేర్లు విన్నాను. వీటిలో ఏది కొనాలి? ఎన్ని రీళ్లు కావాలి?
— ఒక ఫొటోగ్రాఫర్, కోనసీమ

జవాబు: ఫిల్మును దాని పేరును బట్టి కాక, ఆ రాత్రి మండపంలో ఉండే వెలుతురును బట్టి, ఆ తరువాత రీలు కడిగే (మందుల్లో డెవలప్ చేసే) మనిషిని బట్టి ఎంచుకోవాలి. స్పీడు అంటే ఫిల్ము వెలుగును పట్టే శక్తి, అంకె పెరిగేకొద్దీ తక్కువ వెలుతురు చాలు. మీరు రాసిన వివరాలు చూస్తే 400 స్పీడు ఫిల్ము ఒక్కటే, అది హెచ్‌పి5 ప్లస్ అయినా ట్రై-ఎక్స్ అయినా, మీ పని మొత్తానికి సరిపోతుంది. ఈ రెండింటిలో గడువు తీరనివి, చాలినన్ని రీళ్లు ఏది దొరికితే అదే తీసుకోండి. ఒక పెళ్లికి రెండు రకాలూ కలిపి మాత్రం కొనకండి.

ఈ రెండూ పాతకాలపు పద్ధతిలో తయారయ్యే ఫిల్ములు. ట్రై-ఎక్స్ 35 ఎంఎం రీలుగా 1954లోనే బజారులోకి వచ్చింది. హెచ్‌పి5 ప్లస్ 1989 నాటిది. వీటిలో రేణువు, అంటే ఫొటోలో కనబడే సన్నని గరుకు చుక్కలు, కొంచెం స్పష్టంగా కనబడుతుంది కానీ, వెలుతురు కొలతలో ఒక స్టాపు (అంటే రెట్టింపు లేదా సగం వెలుగు) అటూ ఇటూ అయినా, కడిగేటప్పుడు అర నిమిషం ఎక్కువైనా ఇవి సర్దుకుపోతాయి. టీ-మ్యాక్స్, డెల్టా ఫిల్ములలో వెండి స్ఫటికాలు బల్లపరుపుగా ఉంటాయి కనుక రేణువు సన్నగా, గీత పదునుగా వస్తుంది. అయితే అవి కడిగే సమయాన్ని, వేడిని నిక్కచ్చిగా పాటించమంటాయి. ముఖ్యంగా టీ-మ్యాక్స్ కొంచెం ఎక్కువసేపు కడిగితే తెల్లని భాగాలు నెగటివ్‌లో బాగా చిక్కబడిపోతాయి. పెళ్లికొడుకు తెల్లని పంచె, పెళ్లికూతురు మధుపర్కం చీర రెండూ పక్కపక్కనే ఉండే మన పెళ్లిలో ఆ తెల్లబట్టల మడతలు పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టముండదు. ఫిల్ముతో చేయి బాగా తిరిగినవారికి టీ-మ్యాక్స్ గొప్ప ఫిల్మే, కానీ చాలా ఏళ్ల తరువాత మళ్లీ రీలు ఎక్కిస్తున్నవారికి నేను దాన్ని సూచించను.

డెల్టా 3200 సంగతి వేరు. డబ్బా మీద 3200 అని ఉన్నా దాని అసలు స్పీడు దాదాపు 1000 అని తయారీదారులే చెబుతారు. మిగిలినది ఎక్కువసేపు కడిగి రాబట్టుకునేదే. రేణువు బాగా పెద్దది. వీడియో లైట్లు లేని చోట, అంటే విడిదింటి వసారాలో దీపాల వెలుగులో, లేదా అరుంధతీ నక్షత్రాన్ని చూపించడానికి దంపతులను బయటికి తీసుకువచ్చినప్పుడు, దానికి సాటి లేదు. మండపంలో లైట్లు వెలుగుతున్నంతసేపూ దాని అవసరం రాదు. కావాలంటే ఒక్క రీలు దగ్గర ఉంచుకోండి.

ఇక వెలుతురు లెక్క. వీడియో లైట్లున్న మండపంలో 400 స్పీడు ఫిల్మును 1600గా భావించి (వెలుగు తక్కువ ఇచ్చి, తరువాత ఎక్కువసేపు కడిగేలా) తీస్తే, లెన్సు దాదాపు పూర్తిగా తెరిచిన ఎఫ్ 2 దగ్గర సెకనులో 1/60 లేదా 1/125 వంతు షట్టరు సాధారణంగా అందుతుంది. జీలకర్ర-బెల్లం పెట్టే చేతులు దాదాపు కదలవు కనుక 1/60 చాలు. తలంబ్రాలకు మాత్రం 1/125 కన్నా తగ్గకూడదు. గింజలు గాలిలో గీతల్లా రావడం కొందరికి నచ్చుతుంది కానీ, ఆ క్షణంలో ముఖాలు కూడా కదిలిపోతే ఆల్బమ్ చూసే ముత్తైదువులు మెచ్చరు. 400 ఫిల్మును 1600గా వాడడమంటే ఫిల్ముకు కొత్తగా చూపు రావడం కాదని గుర్తుంచుకోండి. ఎక్కువసేపు కడగడం వల్ల వెలుగు పడిన చోటు చిక్కబడుతుంది తప్ప, వెలుగు అందని నీడలో ఏమీ పుట్టదు. అందుకని నల్లని జుట్టు, జడ, నీడలో ఉన్న కళ్లు మొదట మాయమవుతాయి. ముఖానికి చాలినంత వెలుగు ఇచ్చారా లేదా అన్నదే మీరు చూసుకోవలసినది.

అక్కడే ఎఫ్‌ఎం2 మీటరు మిమ్మల్ని మోసం చేస్తుంది. కెమెరాలో చూసే అద్దం నిండా తెల్లని పంచె, తెల్లని చీర, వెనుక పూల తెర ఉంటే మీటరు వెలుతురు చాలా ఉందని చెబుతుంది. దాన్ని నమ్మితే ముఖాలు నల్లబడతాయి. పెళ్లికొడుకు పీటల మీద కూర్చోగానే దగ్గరికి వెళ్లి, అతని ముఖం ఒక్కటే అద్దం నిండా వచ్చేలా చూసి కొలత తీసుకోండి. చామనఛాయ ముఖానికి ఆ కొలతను యథాతథంగా వాడవచ్చు. బాగా తెల్లగా ఉన్నవారికి అర స్టాపు నుంచి ఒక స్టాపు వరకు ఎక్కువ ఇవ్వాలి. లైట్లు మారనంతవరకు ఆ కొలతను కదపకండి, మీటరు ఏమి చెప్పినా సరే.

వీడియో తీసేవారితో ముందే మాట్లాడుకోండి. వారి లైటు ఎదురుగా నిలబడి కొడుతుంది. మీరు దాని వెనుకే నిలబడితే ముఖాలు చపాతీల్లా చదునుగా వస్తాయి. లైటుకు పక్కగా, మండపం స్తంభం దగ్గర చోటు చూసుకుంటే ముక్కు, చెంప, బాసికం అంచు అన్నీ విడివిడిగా తేలతాయి. అడ్డుతెర పట్టినప్పుడు ఇద్దరి ముఖాలూ ఒకే చిత్రంలో కనబడేది కూడా ఆ పక్క నుంచే. ఈ మధ్య మండపాల్లో గులాబీ, నీలం రంగు లైట్లు ఎక్కువయ్యాయి. కలర్ ఫొటోలో పురోహితుడి ముఖం ఊదారంగులోకి తిరిగిపోయే ఆ వెలుతురులో నలుపు-తెలుపు ఫిల్ముకు ఏ ఇబ్బందీ ఉండదు. ఈ ఒక్క కారణానికే చాలామంది దాన్ని మళ్లీ వెదుక్కుంటున్నారని నా నమ్మకం. పాతకాలపు ఎర్రని బల్బుల కింద అయితే ఫిల్ము కొంచెం మందకొడిగా పనిచేస్తుంది. అర స్టాపు అదనంగా ఇవ్వండి.

రీళ్ల విషయానికి వస్తే, మీరు కొన్ని ఫొటోలే తీయాలి కనుక పగటికి రెండు, రాత్రికి మూడు, చేతిలో ఒకటి చాలు. పగలు 400 దగ్గర తీసిన రీలును, రాత్రి 1600 దగ్గర తీసిన రీలును కలిపి కడగడానికి వీలులేదు. ఒకే రీలులో సగం అలా, సగం ఇలా తీయడం అసలే కుదరదు. రీలు తీయగానే డబ్బా మీద వరుస సంఖ్య, స్పీడు రాసుకోండి. మాఘమాసానికి ముందే ఏదో ఒక శుభకార్యంలో ఒక రీలు 1600 దగ్గర తీసి, కడిగించి చూసుకోండి. పగటి కోసం విడిగా 125 స్పీడు ఎఫ్‌పి4 కొనవచ్చా అని మీకు అనిపించవచ్చు. అది చక్కని ఫిల్ము, కానీ కొబ్బరితోటల నీడలో ఆ స్పీడు తరచూ చాలదు. తోటలో తీసేటప్పుడు ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు ముఖం మీద లేని చోటు చూసుకోవడం ఏ ఫిల్ముకైనా తప్పదు.

ప్రశ్న: వైశాఖంలో నా పెళ్లి. కొన్ని ఫొటోలు నలుపు-తెలుపు ఫిల్ము మీద తీయిస్తున్నాం. ఎరుపు పట్టుచీరకు ఆకుపచ్చ అంచు ఉన్నది ఒకటి, మామిడిపండు రంగుకు ముదురు ఎరుపు అంచు ఉన్నది ఒకటి ఎంచుకుని ఉంచాను. రంగే లేని ఫొటోలో చీర ఏదైతేనేమి అని ఇంట్లో అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: నిజం కాదు. నలుపు-తెలుపు ఫొటోలో చీర ఎంపిక ఇంకా ముఖ్యం, ఎందుకంటే అక్కడ రెండు రంగులను వేరు చేసేది వాటి వెలుగు ఒక్కటే. ఎరుపు, ఆకుపచ్చ కంటికి ఎంత దూరంగా ఉన్నా ఫిల్ము మీద రెండూ దాదాపు ఒకే బూడిదరంగులోకి దిగిపోవచ్చు; అప్పుడు మీ అంచు చీరలో కలిసిపోతుంది, జరీ గీత ఒక్కటే మిగులుతుంది. మామిడిపండు రంగు చాలా లేతగా, దాని ముదురు ఎరుపు అంచు దాదాపు నల్లగా వస్తాయి కనుక ఆ చీర దూరం నుంచి కూడా పలుకుతుంది. నన్ను అడిగితే రెండవది కట్టుకోండి. ఎరుపు చీరను కలర్ ఫొటోలకు ఉంచుకోండి.

అన్నిటికంటే ముఖ్యంగా మధుపర్కాల వేళ తీయించుకోండి. తెల్లని నూలు చీర, ఎర్రని అంచు, నల్లని జడ, మల్లెలు, మెడలో పసుపుతాడు: నలుపు-తెలుపుకు ఇంతకన్నా తగిన వేషం మన పెళ్లిలో మరొకటి లేదు. పసుపు లేత బూడిదగా, కుంకుమ ముదురుగా, కాటుకతో పెట్టిన బుగ్గచుక్క నల్లగా వస్తాయి కనుక ముఖం మీద దేని స్థానం దానికి ఉంటుంది. పండిన గోరింటాకు అరచేతి మీద చక్కగా నిలుస్తుంది. కనకాంబరాలు మాత్రం నల్లని జుట్టులో మల్లెల్లాగా మెరవవు. మధ్యరకం బూడిదగా అణిగిపోతాయి. జడలో రెండూ కలిపి కట్టించుకుంటే మల్లెల వరుస పైకి ఉండేలా చెప్పండి. లేత నీలం రంగు రవికె అనుకున్నదానికంటే తెల్లగా రావచ్చు, ఎందుకంటే ఫిల్ముకు నీలం వెలుగు పట్ల మన కంటికన్నా మక్కువ ఎక్కువ.

ఫోన్ కెమెరాను నలుపు-తెలుపులో పెట్టి రెండు చీరలనూ కిటికీ వెలుగులో పరచి చూడండి. ఫిల్ము ఫలితం అచ్చంగా అదే కాకపోయినా అంచు నిలుస్తుందో లేదో తెలిసిపోతుంది. ఒక హెచ్చరిక: కాలువ గట్టున పగలు తీసేటప్పుడు మీ ఫొటోగ్రాఫర్ లెన్సుకు రంగుటద్దం తగిలిస్తే అది పసుపుపచ్చనిదో, పసుపు-ఆకుపచ్చ కలిసినదో కావాలి. ఆకాశం కొంచెం ముదురుగా వచ్చి మబ్బులు తేలతాయి. పసుపు-ఆకుపచ్చ అద్దంతో కొబ్బరాకు నల్లముద్ద కాకుండా వెలుగు పుంజుకుంటుంది. ఎర్రటి అద్దం తగిలిస్తే ఆకాశం గంభీరంగానే వస్తుంది కానీ పెదవులు పాలిపోతాయి, నుదుట కుంకుమ దాదాపు కనబడకుండా పోతుంది. పెళ్లికూతురి నుదుట బొట్టు లేని ఫొటోను మన ఇళ్లలో గోడకు తగిలించరు.

ప్రశ్న: రీళ్లు నేనే ఇంట్లో కడగాలనుకుంటున్నాను. కడిగే సమయాల పట్టికలన్నీ 20 డిగ్రీలు అంటున్నాయి. ఎండాకాలంలో మా కుళాయి నీళ్లు 30 డిగ్రీలకు పైనే ఉంటాయి. బోరు నీళ్లలో ఉప్పదనం కూడా ఉంది. ఏమి చేయాలి?
— ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: మన ప్రాంతంలో ఫిల్ము ఎంపికకు అసలైన పరీక్ష ఇదే. 30 డిగ్రీల డెవలపర్‌తో (ఫిల్ము మీద బొమ్మను తేల్చే మందుతో) కడిగితే సమయం చాలా తగ్గిపోతుంది. 5 నిమిషాలకన్నా తక్కువ సమయంలో కడిగిన రీలు మీద చారలు, ఎగుడుదిగుడులు రావడం మామూలు, అవి ముందుగా తెల్లని చీర మీదే కనబడతాయి. కాబట్టి నీటిని చల్లబరచాలి, అయితే 20 దాకా లాక్కురానక్కరలేదు. 24 దగ్గర నిలబెడితే చాలు. ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, ఐసు ముక్కలున్న సంచి వేసి, డెవలపర్, హైపో (బొమ్మను స్థిరపరిచే మందు), కడిగే నీళ్లు ఉన్న సీసాలన్నీ అందులో నిలబెట్టి, అన్నీ ఒకే వేడికి వచ్చాక మొదలుపెట్టండి. ఐసును డెవలపర్‌లో నేరుగా వేస్తే అది పలచబడిపోతుంది.

హెచ్‌పి5 ప్లస్ ఫిల్మును ఐడి-11 డెవలపర్‌లో నీళ్లు కలపకుండా కడిగితే 400 స్పీడుకు 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు, 1600 స్పీడుకు 14 నిమిషాలు పడుతుంది. 24 డిగ్రీల దగ్గర ఆ 14 నిమిషాలు సుమారు 10కి, ఆ ఏడున్నర సుమారు ఐదుంపావు-ఐదున్నరకు దిగుతాయి. డి-76 అనే డెవలపర్ కూడా ఇదే తీరులో పనిచేస్తుంది. రాత్రి తీసిన రీళ్లకు 24 డిగ్రీలు హాయిగా సరిపోతాయని, పగటి రీళ్లకు అంచు మీద ఉన్నామని దీన్నిబట్టి తెలుస్తుంది. పగటి రీళ్లకు డెవలపర్‌లో సమానంగా నీళ్లు కలిపి వాడుకోండి. 20 దగ్గర 13 నిమిషాలు పట్టే ఆ కడుగుడుకు 24 దగ్గర కూడా కావలసినంత వ్యవధి మిగులుతుంది.

ఉప్పనీళ్లు డెవలపర్‌కు, ఆఖరి కడుగుకు వాడకండి. ఆ రెండింటికీ డిస్టిల్డ్ వాటర్ గానీ, ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లు గానీ వాడితే ఆరిన రీలు మీద తెల్లని మచ్చలు పడవు. నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు హైపో తరువాత కడగడానికి ఒక పొదుపైన పద్ధతి ఉంది. రీలు కడిగే ట్యాంకు నిండా అదే వేడి ఉన్న నీళ్లు పోసి 5 సార్లు తిరగేసి పారబోయాలి, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు. గట్టిపరిచే మందు కలపని హైపో వాడినప్పుడు ఇది చాలు. ఆరబెట్టడానికి ఫ్యాను కింద కాకుండా, తలుపు మూసిన స్నానాలగదిలో వేలాడదీయండి. ఉక్కపోత రోజుల్లో ఆలస్యమవుతుంది, ఓపిక పట్టాలి.

పెళ్లి రీళ్లన్నీ ఒకే ట్యాంకులో ఒకేసారి వేయకండి. అప్పగింతల రీలు ఉన్న ట్యాంకులో డెవలపర్‌కన్నా ముందు హైపోను పోశారనుకోండి, బొమ్మలన్నీ పోతాయి, ఆ కన్నీళ్లు ఎవరూ మళ్లీ కార్చరు. అంత ముఖ్యం కాని రీలును ముందు కడిగి, చూసి, తరువాతి వాటి దగ్గరికి వెళ్లండి.

ఇంకొక దారి కూడా ఉంది. ఎక్స్‌పి2 సూపర్ అనే 400 స్పీడు నలుపు-తెలుపు ఫిల్మును కలర్ నెగటివ్ మందుల్లోనే కడుగుతారు. ఆ మందులు 37.8 డిగ్రీల దగ్గర పనిచేస్తాయి కనుక మన ఎండల్లో నీటిని చల్లబరిచే బాధ ఉండదు, కొంచెం వెచ్చబెడితే చాలు. ఒకే రీలు మీద 50 నుంచి 800 స్పీడు వరకు ఎలా తీసినా ముద్రణకు పనికొచ్చే నెగటివ్ వస్తుంది. స్కానర్లలో దుమ్మును, గీతలను పరారుణ కిరణాలతో గుర్తించి తొలగించే సౌకర్యం వెండి మిగిలే మామూలు నలుపు-తెలుపు ఫిల్ము మీద పనిచేయదు, దీని మీద పనిచేస్తుంది. మీకు కలర్ కడిగే ల్యాబు అందుబాటులో ఉంటే, పగటి ఫొటోలకు నేను మొదట చెప్పే పేరు ఇదే. అర్ధరాత్రి ముహూర్తాలకు మాత్రం 800 దాటి పోలేకపోవడం దీని లోటు.

ప్రశ్న: ఇంత కష్టం ఎందుకు? డిజిటల్‌లో తీసి రంగు తీసేస్తే సరిపోదా?
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: చాలా పెళ్లిళ్లకు సరిపోతుంది. కడగడానికి నమ్మకమైన మనిషి లేనప్పుడు అదే మంచి దారి కూడా. డిజిటల్ ఫైలులో రంగుల సమాచారం ఉంటుంది కనుక ఎరుపును, ఆకుపచ్చను తరువాత విడదీసుకోవచ్చు. ఫిల్ములో ఆ అవకాశం తీసిన క్షణంలోనే ముగిసిపోతుంది. ఫిల్ము వైపు ఉన్న గట్టి కారణాలు రెండే అని నేను అనుకుంటాను. వెలుగు కాస్త ఎక్కువైనా తెల్లని బట్టలో మడతలు నిలబడతాయి, చేతిలో ఒక నెగటివ్ మిగులుతుంది. ఆ రెండూ అక్కరలేనివారు డబ్బు ఖర్చు పెట్టుకోనవసరం లేదు.

ప్రశ్న: మా అమ్మానాన్నల పెళ్లి 1970లలో పాలకొల్లులో జరిగింది. ఆ నలుపు-తెలుపు నెగటివ్‌లు బీరువాలో ప్లాస్టిక్ కవరులో దొరికాయి. కవరు తెరిస్తే వెనిగర్ వాసన వస్తోంది. కొన్నిటి మీద తెల్లని బూజు ఉంది. నీళ్లతో కడగవచ్చా?
— ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: నీళ్లు తగలనివ్వకండి. బూజు పట్టిన చోట ఫిల్ము మీది జిలటిన్ పొర మెత్తబడి ఉంటుంది. నీళ్లు పోస్తే బొమ్మే కరిగి జారిపోవచ్చు. ఆ వాసన ఫిల్ము అడుగున ఉండే అసిటేట్ పట్టీ నుంచి వస్తున్నది. వేడికి, తేమకు ఆ పట్టీ విచ్ఛిన్నమై ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆమ్లమే మళ్లీ విచ్ఛిన్నాన్ని వేగిరపరుస్తుంది. అందుకే మూసిన ప్లాస్టిక్ కవరు మంచిది కాదు, వాసన వచ్చే నెగటివ్‌లు మంచివాటి పక్కన ఉండడమూ మంచిది కాదు. ఇది మొదలయ్యాక వెనక్కి తిప్పే మందు లేదు. ఫిల్ము కుంచించుకుపోయి పై పొర ముడతలు పడేలోపు స్కాన్ చేయించడమే చేయగలిగినది.

వాసన ఉన్నవాటిని, లేనివాటిని ఈరోజే వేరు చేయండి. ఒక్కొక్క ముక్కను అంచులు పట్టుకుని, మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపి, ఆమ్లం లేని కాగితపు కవరులో పెట్టండి. బూజును కుంచెతో గట్టిగా రుద్దకండి. స్కానింగు అయ్యాక బాగున్నవాటిని సిలికా జెల్ సంచి ఉన్న డబ్బాలో, వంటగదికి, స్నానాలగదికి దూరంగా, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో ఉంచండి. తేమ పీల్చుకున్న జెల్‌ను నెలకొకసారి వెచ్చబెట్టి మళ్లీ వాడుకోవచ్చు; వానాకాలంలో ఇంకా తరచుగా చూడాలి. పాత ఆల్బమ్‌లోని ప్రింట్లు పసుపు తిరిగి ఉంటే, అది చాలావరకు అప్పట్లో హైపోను పూర్తిగా కడిగేయకపోవడం వల్ల వచ్చినది. జిగురుతో అంటించిన ప్రింట్లను పీకకండి. ఆల్బమ్‌ను అలాగే తెరిచి, కిటికీ పక్క వెలుగులో నిటారుగా ఫొటో తీయించండి.